వెంట్రుకవాసి ఖాళీ

హైదరాబాదులో మొదటి ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నాకో సెకండ్ హ్యాండ్ వంద సీసీ బండి ఉండేది. పెద్దగా ఇబ్బంది పెట్టేది కాదు గానీ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇంజను పైభాగం నుంచి ‘టక టక టక’ అని సన్నగా చప్పుడు వచ్చేది. పక్కనే ఎవరైనా కొత్త బండి మీద ఆగితే నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు మా రూము కింద షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి, ఈ చప్పుడు పోవాలన్నా అన్నాను. ఆయన రేస్ ఇచ్చి విన్నాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని మళ్ళీ విన్నాడు.

“గది ట్యాపెట్ సప్పుడు తమ్మీ. గంత ఉండాలె. మరీ బిగిస్తే వాల్వు కాలుతది.”

నేను వినలేదు. రెండు మూడుసార్లు వెంటపడేసరికి “నీ బండి, నీ ఇష్టం” అని బిగించేశాడు. చప్పుడు ఆగిపోయింది. రెండు నెలలు హాయిగా తిరిగాను. మే నెలలో ఓ ఆదివారం నాగార్జునసాగర్ వెళ్ళి వస్తుంటే, మాల్ దాటాక బండి గుంజడం మానేసింది. ఆపి మళ్ళీ కిక్కు కొడితే కాలికి ఎదురే లేదు, గాల్లో తొక్కినట్టుంది. ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకొచ్చాను. మర్నాడు ఆయన హెడ్డు విప్పి ఎగ్జాస్ట్ వాల్వు తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని అంచు మీద ఎలుక కొరికినట్టు చిన్న ముక్క లేదు. నేను చెప్పలేదా అని ఆయన అనలేదు. అన్నా బాగుండేది.

ఆ వాల్వు ఇంకా నా దగ్గరే ఉంది, పెన్నుల డబ్బాలో. ఇంజను లోపల ఆ కాస్త ఖాళీ ఎందుకుండాలి, దాన్ని కాపలా కాయడం ఎవరి పని, దాన్ని లేకుండా చేయాలని ఎవరెవరు ప్రయత్నించారు అని అప్పట్నుంచీ చదువుతూ వచ్చాను. ఇది ఆ ఖాళీ చరిత్ర.

*

ముందు అసలు విషయం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో సిలిండరుకి తలుపులుంటాయి. ఒకదాంట్లోంచి పెట్రోలూ గాలీ కలిసి లోపలికొస్తాయి, ఇంకోదాంట్లోంచి కాలిన పొగ బయటికి పోతుంది. ఈ తలుపులే వాల్వులు. చూడ్డానికి పొడుగు కాడున్న పుట్టగొడుగుల్లా ఉంటాయి. స్ప్రింగు వాటిని ఎప్పుడూ మూసి ఉంచుతుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే క్యామ్ తిరుగుతూ వాటిని నెట్టి తెరుస్తుంది. క్యామ్‌కీ వాల్వుకీ నడుమ ఆ నెట్టుడుని అందించే ముక్కలు ఇంజనుని బట్టి మారతాయి: ట్యాపెట్టు, పుష్‌రాడ్డు, రాకర్. మన మెకానిక్కులకి మాత్రం ఈ వరసలో స్క్రూ తిప్పి సర్దగలిగేదేదైనా ట్యాపెట్టే. ఆ పనికి పేరు ‘ట్యాపెట్ సెట్టింగ్’.

సర్దేది ఏమిటంటే, వాల్వు పూర్తిగా మూసుకున్నప్పుడు దాని కాడ కొసకీ, దాన్ని నెట్టే ముక్కకీ మధ్య ఉండే ఖాళీని. ఎందుకా ఖాళీ? లోహం వేడికి పెరుగుతుంది కాబట్టి. పది సెంటీమీటర్ల ఉక్కు కడ్డీ వంద డిగ్రీలు వేడెక్కితే 0.12 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. వినడానికి అదీ ఒక పొడుగేనా అనిపిస్తుంది. కానీ చిన్న బండ్లలో కంపెనీ వదలమనే ఖాళీ చాలాసార్లు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మనిషి వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. వెంట్రుకవాసిలో తప్పింది అంటుంటాం కదా, ఇక్కడది ఉత్త మాట కాదు, కొలత.

బండి 5000 ఆర్‌పీఎం మీద పోతుంటే ఒక్కో వాల్వు సెకనుకి నలభైసార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు తల మంటలోనే బతుకుతుంది, ఏడెనిమిది వందల డిగ్రీలదాకా కాగుతుంది. ఆ వేడిని అది ఎక్కువగా వదిలించుకునేది మూసుకుని సీటు మీద కూర్చున్న ఆ చిటికెడు సమయంలోనే. వేడి సీటులోకి, సీటు నుంచి హెడ్డులోకి, హెడ్డు రెక్కల మీదుగా గాలిలోకి పోతుంది. ఖాళీ లేకపోతే, వేడికి సాగిన కాడకి చోటు చాలదు, రాకర్ దాన్ని నొక్కిపట్టే ఉంచుతుంది, వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోలేదు. తలుపు ఓరగా ఉండిపోతుంది. ఆ సందులోంచి మంట దూసుకుపోతూ అంచుని కోసేస్తుంది. నా పెన్నుల డబ్బాలో ఉన్నది అదే.

ఖాళీ మరీ ఎక్కువైతే? వాల్వు ఆలస్యంగా, తక్కువగా తెరుచుకుంటుంది. ముక్కలు దూరం నుంచి వచ్చి కొట్టుకుంటాయి, చప్పుడు పెరుగుతుంది, అరుగుతాయి. అదీ నష్టమే. కానీ చెవికి తెలిసే నష్టం.

చిక్కంతా ఇక్కడే ఉంది. వాల్వు తన సీటుని కొట్టీ కొట్టీ కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంటే, కాడ అంతమేర పైకొచ్చి ఖాళీని మింగేస్తుంది. అంటే బండి పాతబడుతూ నెమ్మదిగా నిశ్శబ్దమవుతుంటే అది సంతోషించాల్సిన విషయం కాకపోవచ్చు. చప్పుడు పెరిగిందని షెడ్డుకి పోయేవాళ్ళుంటారు గానీ, తగ్గిందని పోయేవాళ్ళెవరు?

*

మొదట్లో ఈ తలనొప్పి సగమే ఉండేది. 1890ల చివర్లో ఫ్రాన్సులో ద్ దియోన్-బూతోన్ కంపెనీ చేసిన చిన్న సింగిల్ సిలిండర్ ఇంజను మూడు చక్రాల బండ్ల మీద పేరు తెచ్చుకుంది. ఎన్నో దేశాల్లో తొలి మోటార్‌సైకిళ్ళు చేసినవాళ్ళు దాన్నే చూసి నేర్చుకున్నారు. అందులో పొగ బయటికి పోయే వాల్వుని మాత్రమే క్యామ్ తెరిచేది. లోపలికొచ్చే వాల్వుకి బలహీనమైన స్ప్రింగు పెట్టి వదిలేశారు. పిస్టను కిందికి దిగేటప్పుడు పుట్టే పీల్పుకి అదే తెరుచుకునేది. దాన్ని నెట్టేవాళ్ళే లేరు, కాబట్టి ఖాళీ సర్దే పనీ లేదు. అమెరికాలో తొలినాటి హార్లే-డేవిడ్సన్ బండ్లూ ఇలా పీల్పుతో తెరుచుకునే వాల్వులతోనే నడిచాయి.

ఆ సుఖం ఎక్కువకాలం సాగలేదు. వేగం పెరిగేకొద్దీ పీల్పుతో తెరుచుకునే వాల్వు వెనకబడిపోయింది. ఇంజను వేగంగా ఊపిరి తీసుకోవాలంటే రెండు తలుపుల్నీ క్యామ్‌తోనే తెరవాలి. దాంతో ఖాళీలు రెండయ్యాయి.

ఉన్న ఖాళీని సర్దడానికి కూడా మొదట్నుంచీ స్క్రూలు లేవు. కోట్లమంది ఎక్కిన ఫోర్డ్ మోడల్ టి కారులో సర్దుకునే ఏర్పాటే లేదు. ఖాళీ తగ్గితే వాల్వు తీసి కాడ కొసని అరగదీయాలి. అది ఒకసారి ఎక్కువ అరిగితే మళ్ళీ పెంచలేం. అందుకే స్క్రూ, దాన్ని కదలకుండా పట్టే లాక్‌నట్టు అనే చిన్న ఏర్పాటుని నేను తక్కువచేసి చూడలేను. ఫ్యాక్టరీ ఒక కొలతని బండివాడి చేతికి అప్పజెప్పిందన్నమాట. ఇది అరుగుతుంది, మారుతుంది, నువ్వు చూసుకో అని.

చూసుకోవాలంటే కొలవడం రావాలి. కంటికి ఆనని దూరాల్ని మామూలు షెడ్డులో కొలవడం అన్నది పందొమ్మిదో శతాబ్దం ఇంగ్లండులో మొదలైన ముచ్చట. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల చుట్లకి ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలో అంగుళంలో పదిలక్షో వంతు తేడాని పట్టే యంత్రం పెట్టి జనాన్ని నోరెళ్ళబెట్టించాడు. అంగుళంలో వెయ్యో వంతుకి ఇంగ్లీషు కార్ఖానాల్లో వాడుక పేరు ‘థౌ’. 0.0254 మిల్లీమీటర్లు. ఆ మాట ఇంగ్లీషు యంత్రాల వెంట మన దేశానికొచ్చింది. పాత మెకానిక్కుల నోట అది ఇప్పటికీ వినిపిస్తుంది, “ఎన్ని థౌలు పెట్టమంటవ్?” అని. ఇంగ్లీషు చదవడం రాని చేతులు కూడా ఇంగ్లీషు అంగుళంలో వెయ్యో వంతుని వేలి కొసతో గుర్తుపట్టాయి.

*

మన దగ్గర ఈ కథ బుల్లెట్‌తో మొదలుపెట్టడమే న్యాయం. ఇంగ్లండులోని రెడ్డిచ్ ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డ్ 1932లోనే బుల్లెట్ పేరుతో బండి చేసింది. మనం ఎరిగిన 350 సీసీ ఆకారం 1940ల చివర్లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో సరిహద్దుల్లో తిరగడానికి సైన్యం ఈ బండిని ఎంచుకుంది. మద్రాస్ మోటార్స్ తెప్పించి ఇచ్చేది. 1955లో ఈ రెండు కంపెనీలూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మొదట రెడ్డిచ్ నుంచి వచ్చిన విడిభాగాలు ఇక్కడ బిగించేవారు, తర్వాత్తర్వాత అన్నీ ఇక్కడే తయారయ్యాయి. ఫ్యాక్టరీ ఉన్నది ఉత్తర మద్రాసులోని తిరువొత్తియూరులో. అక్కడి త్రిపురసుందరి మీద త్యాగరాజు ఐదు కీర్తనలు తెలుగులోనే కట్టాడు. సంగీతం వినేవాళ్ళకి ఆ ఊరు అలా తెలుసు, బండ్లవాళ్ళకి ఇలా.

రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1970కల్లా ఇంగ్లండులో ఆ కంపెనీ పనే ఆగిపోయింది. తిరువొత్తియూరు మాత్రం అదే ఇంజనుని పెద్ద మార్పుల్లేకుండా పోతపోస్తూనే ఉంది. 1977లో ఇక్కణ్ణుంచి ఇంగ్లండుకే ఎగుమతి మొదలైంది. పుట్టింట్లో మరిచిపోయిన పాటని మెట్టినింటి నుంచి వెళ్ళి పాడినట్టు.

ఆ పాత ఇనప సిలిండరు బుల్లెట్ ట్యాపెట్ సెట్టింగ్ ఒక వింత. మాన్యువల్లో ఖాళీ ఎంత అని చూస్తే, రెండు వాల్వులకీ రాసి ఉండేది ‘సున్నా’. ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు సున్నా. ఇప్పటిదాకా ఖాళీ ఉండాలి ఉండాలి అని చెప్పి ఇదేంటి అంటారా? అందులో పుష్‌రాడ్లు అల్యూమినియంవి. ఇంజను వేడెక్కితే సిలిండరూ, హెడ్డూ ఎత్తు పెరుగుతాయి, పుష్‌రాడ్లూ వాటితో పాటు ఇంచుమించు అంతే పెరుగుతాయి. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సున్నా పెట్టినా వేడిలో నొక్కుకుపోదు.

కానీ సున్నాని ఏ రేకుతో కొలుస్తారు? కొలవలేరు. అందుకే ఆ పని వేళ్ళకి వదిలేశారు. సిలిండరు అడుగున కుడివైపు ఒకే నట్టుతో బిగించిన మూత ఉంటుంది. దాన్ని తీస్తే రెండు పుష్‌రాడ్ల కాళ్ళు కనిపిస్తాయి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య రాడ్డుని పట్టుకుని తిప్పితే నిమ్మళంగా తిరగాలి. పైకీ కిందికీ ఆడిస్తే మాత్రం ఆడకూడదు. ఖాళీ సున్నా, బిగువూ సున్నా. ఆ రెండు సున్నాల మధ్య చోటు ఎక్కడుందో ఏ పుస్తకమూ మాటల్లో చెప్పలేదు. పక్కన నిలబడి ఒకరి వేళ్ళు చూసి ఇంకొకరు నేర్చుకోవాల్సిందే. అందుకే అప్పటి బుల్లెట్ మెకానిక్కులకి గురువులుండేవారు. వాళ్ళ పేర్లు చెప్పుకుని బతికిన శిష్యులూ ఉండేవారు.

అయితే బుల్లెట్ అందరి బండీ కాదు. మిలిటరీవాళ్ళు, పోలీసులు, ఊళ్ళో ఆసాములు నడిపేవారు. మధ్యతరగతి ఇళ్ళకి 1960లలో వచ్చినవి మైసూరు జావా, రాజ్‌దూత్, రకరకాల స్కూటర్లు. ఇవన్నీ టూ స్ట్రోక్. వాటిలో వాల్వులే లేవు. సిలిండరు గోడకి కన్నాలుంటాయి, పైకీ కిందికీ ఆడుతూ పిస్టనే వాటిని మూస్తుంది, తెరుస్తుంది. అలా పాతికేళ్ళపాటు మన దేశంలో ఎక్కువమంది బండివాళ్ళు ట్యాపెట్ అన్న మాటతో పని లేకుండా బతికేశారు. మన పల్లెల్లో ఆ మాట తెలిసినవాళ్ళెవరంటే లారీలవాళ్ళు, జీపులవాళ్ళు, పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాళ్ళు. రాత్రిపూట పొలం గట్టు నుంచి వచ్చే ఇంజను చప్పుడు విని, పక్కమీంచి లేవకుండానే “ఎవరిదో ట్యాపెట్ వదులైంది” అనగలిగినవాళ్ళు.

*

1980ల నడుమ జపాన్ కంపెనీలు వచ్చాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బాటలోనే వచ్చాయి. 1985లోనే వచ్చిన హీరో హోండా సీడీ 100 మాత్రం ఫోర్ స్ట్రోక్. లీటరుకి ఎనభై కిలోమీటర్లన్న మాట దేశాన్ని ఊపేసింది. నింపు, మూసెయ్, మరిచిపో అన్నది దాని ప్రకటన. పెట్రోలు ట్యాంకు గురించి చెప్పిన మాట అది. కానీ బండి మొత్తానికి ఆ మాట అంటుకుపోయింది. మరిచిపోవడమే మంచి బండికి గుర్తు అని ఒక తరం నమ్మింది.

బండి మాత్రం ఒకటి మరిచిపోవద్దంది. హెడ్డు మీద ముందొకటి, వెనకొకటి రెండు గుండ్రటి మూతలు. వాటి కింద రెండు స్క్రూలు, రెండు లాక్‌నట్లు. అప్పటిదాకా సైలెన్సరులో మసి కాల్చడం, ప్లగ్గు గీకడం తెలిసిన చేతులు కొత్త విద్య నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ ఇంజన్లకి బుల్లెట్ సున్నా పనికిరాదు. ఫీలర్ గేజి కావాలి. చాకులా మడిచి పెట్టుకునే సన్నటి ఉక్కు రేకుల గుత్తి అది. ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. గేజి లేని షెడ్డులో గడ్డం గీసుకునే బ్లేడు దాని పని చేసేది. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు కాబట్టి అది మరీ గుడ్డి లెక్కేమీ కాదు.

చూడ్డానికి సులువైన పని. పిస్టను పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకుని ఉన్న చోటు వెతకాలి, రేకు దూర్చాలి, స్క్రూ సర్దాలి, నట్టు బిగించాలి. చేయబోతే ప్రతి మెట్టులోనూ ఒక గుంట ఉంది. పిస్టను పైకి రావడం అన్నది ఫోర్ స్ట్రోక్‌లో రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి మంటకి ముందు, ఒకసారి పొగ తరిమాక. ఇంజను మీద గుర్తు రెండుసార్లూ ఒకేచోట కనబడుతుంది. రెండోసారిలో వాల్వులు రెండూ కాస్త కాస్త తెరిచే ఉంటాయి. అప్పుడు ఖాళీ పెడితే అంతా తప్పే. రెండో గుంట లాక్‌నట్టు. దాన్ని బిగించేటప్పుడు స్క్రూ కూడా వెంట్రుకంత తిరుగుతుంది. సరిగ్గా పెట్టిన ఖాళీ బిగించగానే చెడిపోతుంది. అందుకని బిగించాక మళ్ళీ రేకు దూర్చి చూడాలి. మూడో గుంట వేడి. పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజను మీద చేయాల్సిన పని ఇది. కస్టమరు బండి మీద వస్తాడు, ఇంజను కాలుతూ ఉంటుంది, పావుగంటలో ఇవ్వమంటాడు. మన షెడ్లలో చెడ్డ ట్యాపెట్ సెట్టింగులకి చేతకానితనం కంటే ఈ తొందరే ఎక్కువ కారణమని నాకు అనిపిస్తుంది.

1990లలో కాలుష్య నియమాలు వచ్చాయి. 1996లో ఒకసారి, 2000లో ఇంకోసారి బిగించారు. టూ స్ట్రోక్ బండ్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఆర్‌ఎక్స్ 100 పోయింది, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఊరూరా నిండింది. అలా వాల్వు లేని దేశం కాస్తా వాల్వుల దేశమైపోయింది. ఆ 2000లోనే దేశమంతా సీసం కలపని పెట్రోలు వచ్చింది. మన ఊపిరితిత్తులకి అది ఎంతో మంచి పని. కానీ పెట్రోల్లోని సీసం వాల్వు సీటు మీద పలచటి పూతలా పేరుకుని దెబ్బల్ని కాచుకునేది. పాత ఇంజన్లలో ఆ పూత పోయాక సీట్లు త్వరగా అరిగే ప్రమాదం పెరిగింది. సీటు అరిగితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం: ఖాళీ తగ్గుతుంది, బండి నిశ్శబ్దమవుతుంది.

*

ఈ ఖాళీని అసలు లేకుండా చేయలేమా అని ఇంజనీర్లు అడగకుండా ఉంటారా? రెండు గొప్ప ప్రయత్నాలు జరిగాయి.

ఒకటి నూనెతో. ట్యాపెట్టు లోపల చిన్న గది పెట్టి, ఇంజను ఆయిల్‌ని అందులోకి పంపి, వెనక్కి పోకుండా ఒక గోళీతో ఆపుతారు. ఖాళీ ఎంత ఏర్పడితే అంత ఆయిల్ వచ్చి పూడుస్తుంది. లోహం పెరిగినా అరిగినా అదే సర్దుకుంటుంది. 1930 నాటి కాడిలాక్ వి-16 కారులో ఈ సూత్రం వాడారు. 1948లో హార్లే-డేవిడ్సన్ తన పెద్ద ఇంజన్లలోకి తెచ్చింది. చప్పుడు లేదు, పానా లేదు, ఫీలర్ గేజి లేదు.

రెండోది ఇటలీవాళ్ళది. డుకాటీలో ఫాబియో తాలియోనీ 1956లో 125 సీసీ రేసు బండికి, వాల్వుని మూసే పనిని కూడా స్ప్రింగుకి వదలకుండా క్యామ్‌కే అప్పగించాడు. తెరిచే క్యామ్ వేరు, మూసే క్యామ్ వేరు. ఈ పద్ధతి పేరు ‘డెస్మోడ్రోమిక్’. గ్రీకులో డెస్మోస్ అంటే కట్టు, డ్రోమోస్ అంటే దారి. కట్టేసిన దారి. ఎంత వేగంలోనూ వాల్వు వెనకబడదు. కానీ చూడండి, ఖాళీని జయించబోతే అది రెండింతలైంది. ఒక్కో వాల్వుకి తెరిచేవైపు ఒక ఖాళీ, మూసేవైపు ఇంకో ఖాళీ. డుకాటీ సొంతదారుల జేబుకి ఆ కట్టు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చివరికి 2020లో ఆ కంపెనీయే మల్టిస్ట్రాడా వి4కి మామూలు స్ప్రింగు వాల్వులు పెట్టి, 60,000 కిలోమీటర్లకోసారి ఖాళీ చూసుకుంటే చాలంది.

మన బుల్లెట్ మొదటి దారి పట్టింది. 1994లో ఐషర్ చేతికి వచ్చిన కంపెనీ, 2000ల చివరికి యూసీఈ అనే కొత్త ఇంజను తెచ్చింది. 2009లో వచ్చిన క్లాసిక్ బండ్లలో ఉన్నది అదే. పుష్‌రాడ్లు ఉన్నాయి గానీ అడుగున హైడ్రాలిక్ ట్యాపెట్లు. వేళ్ళతో తిప్పి చూసే మూత పోయింది, రెండు సున్నాల విద్య పోయింది. బుల్లెట్ ఎక్కడం ఎప్పుడూ లేనంతమందికి సాధ్యమైంది. ఆదివారం పొద్దున మెకానిక్కు ఇంటి ముందు కాపలా కాయనక్కర్లేని డాక్టర్లు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు, ఆడపిల్లలు కొనుక్కున్నారు. అసలు చప్పుడు పోయిందని పాత భక్తులు కొట్టుకున్నారు. నాకు వాళ్ళ బాధ అర్థమవుతుంది గానీ, ఆ పాత చప్పుడు వెనక ఎంతమంది రోడ్డు పక్కన నిలబడిపోయారో వాళ్ళు లెక్కలోకి తీసుకోరు.

రాబర్ట్ పిర్సిగ్ ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ 1974లో వచ్చింది. చాలామంది దాన్ని వేదాంతం కోసం చదువుతారు. అందులో కథకుడు దారిలో మైల్స్ సిటీలో ఆగి తన బండికి ట్యాపెట్లు సర్దుకుంటాడు. మోటార్‌సైకిలంటే ఇనుములో చేసిన ఆలోచనల అల్లిక అన్న చర్చ ఆ పని చుట్టూనే నడుస్తుంది. అతని స్నేహితుడు జాన్‌ది ఖరీదైన బీఎండబ్ల్యూ. బండిలో ఏముందో తెలుసుకోవడమే అతనికి ఇష్టం ఉండదు. కథకుడి మీద మనకి మొగ్గు కలిగేలా రాశాడు పిర్సిగ్. నేను కూడా చాలాకాలం అటే మొగ్గాను. కాలిన వాల్వు చూశాక తెలిసింది, నేను కథకుణ్ణీ కాదు, జాన్‌నీ కాదని. జాన్ కనీసం తెలియని దాంట్లో వేలు పెట్టలేదు. నేను తెలిసిన మనిషి మాట కాదని, నా చెవికి ఇంపుగా ఉంటుందని, ఇంజనుకి ఊపిరాడే చోటు మూయించాను.

*

ఈ చరిత్రకి కొసమెరుపు ఉంది. ఖాళీ తిరిగొచ్చింది. 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండ్లలో, 2020లో మీటియర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజనులో, క్యామ్ హెడ్డు పైకి వెళ్ళింది. పుష్‌రాడ్లు పోయాయి, హైడ్రాలిక్ ట్యాపెట్లూ పోయాయి. వాటి చోట మళ్ళీ స్క్రూ, లాక్‌నట్టు. 2023లో బుల్లెట్ 350 కూడా ఆ ఇంజనులోకి మారింది. దాన్ని సున్నా మీద సర్దిన కాలం, నూనె సర్దిన కాలం దాటి, ఇప్పుడు ఫీలర్ గేజి కాలంలోకి వచ్చిందన్నమాట.

అయితే సర్వీసు పుస్తకంలో ఆ పని ఫలానా కిలోమీటర్లకి అని ఒక గడిలో అచ్చయి ఉంటుంది. మనలో చాలామంది ఆ గడిని చదవం. ఆఫీసుకెళ్ళొచ్చే బండికి ఆ కిలోమీటర్లు నిండడానికి ఏడాది పట్టచ్చు. పొద్దుట్నుంచి అర్ధరాత్రిదాకా డెలివరీలు కొట్టే కుర్రాడి బండికి కొన్ని నెలలే. అతను హెడ్‌ఫోన్సులో మ్యాపు చెప్పే దారి వింటాడు గానీ ఇంజను వినడు. వినే తీరిక అతనికి ఎవరిస్తారు? ఎగ్జాస్ట్ వాల్వు కాలితే మాత్రం నాకు పోయినట్టు ఒక ఆదివారం పోదు, ఆ వారం సంపాదన పోతుంది. అతని మీద చూపు పడ్డ ప్రతిసారీ నాకా చిన్న టకటక కోసం చెవులు రిక్కించడం అలవాటైంది. వినిపిస్తే కాస్త స్థిమితంగా ఉంటుంది.

నా బండికి కొత్త వాల్వు వేసి, సీటు రుద్ది, హెడ్డు బిగించాక, మా మెకానిక్కు ఆ సాయంత్రం బండి ఇవ్వలేదు. రేపు పొద్దున రా, సల్లారినంక చేద్దాం అన్నాడు. పొద్దున ఏడింటికి వెళితే ఫీలర్ గేజి నా చేతికిచ్చాడు. రేకు దూర్చి ముందుకీ వెనక్కీ లాగమన్నాడు.

“ఎట్లున్నది?”

“గట్టిగా పట్టేసింది.”

స్క్రూ కొంచెం వదిలాడు. “ఇప్పుడు?”

“జారిపోతోంది.”

మళ్ళీ కొంచెం బిగించాడు. రేకు ఈసారి వెన్నలోంచి కత్తి తీసినట్టు, పట్టీపట్టనట్టు కదిలింది. నేను చెప్పేలోపే నా మొహం చూసి “గదీ” అన్నాడు. నట్టు బిగించి మళ్ళీ లాగమన్నాడు. అలాగే ఉంది. మూతలు పెట్టి, కిక్కు కొట్టి, సన్నగా టకటకమంటున్న ఇంజను పక్కన ఇద్దరం కాసేపు నిలబడ్డాం.

“సప్పుడు వస్తున్నది మరి, సరేనా?” అన్నాడు.

సరే అన్నాను.